తొలి శంఖం గంగమ్మది

వెనకటి ముచ్చట వినని వాళ్ళు కంగారు పడనక్కర్లేదు, రెండు మాటల్లో చెప్పేస్తాను. కంబుద్వీపంలో పైడన్న అని ఒకడున్నాడు. సముద్రంలో మునిగి శంఖాలు తీయడం వాడి వృత్తి. వాణ్ణి పెంచి పెద్దచేసింది అక్క మరిడమ్మ. ఆ మరిడమ్మ ఇప్పుడు ఒడ్డున ఇసుకలో, గడ్డం దాకా పెంకులో ఇరుక్కుని కూర్చుంది. ఇవాళ పొద్దు గుంకేలోగా దక్షిణావర్త శంఖం మోగి, ఆ మోత ఆమె చెవిన పడకపోతే ఆమె మనకు దక్కదు. సంగతి ఇది. ఇక కథలోకి పోదాం, మధ్యలో ఎవరూ దగ్గకండి.

అసలు కంబుద్వీపమంటే ఏమనుకున్నారు! ఆ దేశపు కోట గోడలకు పూసింది గుల్లసున్నం. ఏనుగు దంతం లాంటి నునుపు, చేత్తో తడిమితే చల్లన. రాణివాసపు కిటికీలకు అమర్చింది పలచటి ముత్యపు చిప్పల రేకులు. వాటిలోంచి దూరిన ఎండ తేనెరంగుకు తిరిగి నేల మీద పరుచుకుంటుంది. పెళ్ళికూతురి ముంజేతికి శంఖు కంకణం, పసిబిడ్డ మొలకు గవ్వల తాడు, సంతలో చింతపండుకు గుప్పెడు గవ్వలు, భోజనమయ్యాక తమలపాకు మీద చిటికెడు సున్నం. ఎముక అన్నది లేని ఒక సముద్రపు పురుగు తన మెత్తదనం దాచుకోవడానికి కట్టుకున్న ఇల్లే ఆ రాజ్యానికంతటికీ ఆధారమైంది. ఆ పురుగు చచ్చాక కదా ఈ వైభవమంతా అని ఆలోచించిన వాడు మాత్రం ఆ దేశంలో లేడు.

ఒక్కడున్నాడు. గుడ్లగూబ కొండ గుహలో ఉండే మాంత్రికుడు శుక్తికేతుడు. పంతొమ్మిది రోజుల కిందట జోగి వేషంలో మరిడమ్మ సున్నపు బట్టీ దగ్గరికి వచ్చి నిప్పు అడిగాడు. ఆమె నిప్పు తీసి ఇస్తుంటే పాదాల మీద మంత్రజలం చల్లాడు. పోతూ పోతూ విరుగుడు కూడా వాడే చెప్పాడు, దక్షిణావర్త శంఖం మోగాలని. శాపం పెట్టినవాడు విరుగుడెందుకు చెప్పాడని ఆ ఏడుపులో ఎవరికీ తోచలేదు.

శంఖంలో పురుగు ఇల్లు కట్టుకోవడం ఎప్పుడైనా చూశారా? పుట్టినప్పుడు అది ఆవగింజంత. పాములా కుబుసం విడవదు, పిట్టలా గూడు మార్చదు. ఒళ్ళు పెరిగినకొద్దీ తన ఒంట్లోని సున్నమే తీసి గుమ్మం దగ్గర ఒక వరస పోసుకుంటుంది, మళ్ళీ ఒక వరస, అలా మెలి తిరుగుతూ పోతుంది. చివరికి గుమ్మానికి ఒక మూత బిగించుకుంటుంది. మరిడమ్మకూ అదే జరుగుతోంది. ఆటుకొక వరస, పోటుకొక వరస. ఆమె ఎముకల్లోని సున్నమే కరిగి పైకొచ్చి పెంకవుతోంది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. ఈ సాయంత్రం పోటు నిండగానే నోటి మీద మూత పడుతుంది.

పొద్దున్నించి ఎన్నిసార్లు మునిగినా ఒక్క శంఖమూ చేతికి తగలక ఒడ్డుకొచ్చిన పైడన్న ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏటిరా అలా సూత్తన్నావు? నాకేటి కొమ్ములు మొలిచేయా?" అంది మరిడమ్మ.

"అక్కా, ఇవేళ దొరక్కపోతే..."

"నోర్ముయ్. ఏడిత్తే ఊపిరి పొట్టిదైపోతాదని నీకెన్నిసార్లు సెప్పాను? ఎల్లు. మీ బావ పొద్దుట్నించి పడవకాడే ఉన్నాడు. ఇటు రానేదు. నన్నిలా సూడలేక గావాల, పిరికోడు."

మాట పూర్తయ్యేసరికి ఆమె గడ్డం కింద పెంకు చిటపటమని ఒక వెంట్రుకవాసి పైకి పాకింది. పైడన్న ఇక అక్కడ నిలవలేకపోయాడు. పరుగెత్తాడు.

పడవ మొసలిరాళ్ళ దగ్గర లంగరేసి ఉంది. ఒడ్డున గట్టిగా కేకేస్తే వినపడేంత దూరం. బావ సూరన్న తాడు చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మునిగేవాడి నడుముకు కట్టిన తాడు రెండో కొస ఆ దేశంలో బావే పట్టుకోవాలి. అన్నదమ్ములకు వాటాల తగువులుంటాయి, స్నేహితుడికి లోపల ఏముందో తెలియదు. బావమరిది నీళ్ళలో పోతే ఇంట్లో పెళ్ళాం ఏడుపు జీవితాంతం వినాల్సింది బావే కదా! అందుకని వాడు తాడు వదలడు. ఎవరు పెట్టారో గానీ మంచి తెలివైన ఏర్పాటు.

పైడన్న ఈదిపోయి పడవెక్కి, నడుముకు తాడు కట్టుకుని, మునకరాయి మీద కాలు పెట్టి దాని బరువుకు సర్రున దిగాడు. నీలం పచ్చయింది, పచ్చ నల్లబడింది. అడుగున ఇసుకలో చేయి పెట్టగానే ఒక శంఖం తగిలింది. కళ్ళు మూసుకుని దాన్ని పట్టుకుని తాడు కదిపాడు, పైకి తేలాడు. కళ్ళు తెరవలేదు. ఎందుకంటే తొలి శంఖం గంగమ్మది. రోజూ మొదట చేతికందిన శంఖాన్ని చూడకూడదు, ఎడమ భుజం మీంచి వెనక్కి సముద్రంలోకే వేయాలి. చూస్తే ఆశ పుడుతుంది, ఆశ పుట్టాక ఇవ్వబుద్ధి కాదు. అది వాళ్ళ తాతముత్తాతల నాటి ఆనవాయితీ.

"తల్లీ, నీది నీకే" అని పైడన్న విసిరేశాడు.

చేతిలోంచి జారుతున్నప్పుడు బొటనవేలికి తెలిసింది. మామూలు శంఖం నోరు ఎడమకు తెరుచుకుంటుంది. పదిహేనేళ్ళుగా వాడి బొటనవేలు అటే జారుతోంది. ఇవాళ కుడికి జారింది. ఆ మాట వేలి నుంచి బుర్రకు చేరేలోగా వెనకాల నీళ్ళు బుడుంగుమన్నాయి.

ఓరి దౌర్భాగ్యుడా! పంతొమ్మిది రోజులు సముద్రం అడుగంతా గాలించి, ఇరవయ్యో రోజు చేతికొచ్చిన అక్క ప్రాణాన్ని నీ చేత్తో నువ్వే పారేశావు గదరా! పైడన్న పడవ అంచు పట్టుకుని వెర్రిగా కళ్ళు తెరిచాడు.

తెరిచి, బావను చూశాడు.

శంఖం విసిరేటప్పుడు తాడు పట్టుకున్నవాడు కూడా మొహం తిప్పుకోవాలి. సూరన్న పన్నెండేళ్ళుగా ఆ క్షణంలో తలమీద తుండు కూడా కప్పుకునేవాడు. "నాకసలే ఆశెక్కువరా" అని నవ్వేవాడు. ఇప్పుడు పడవలో ఉన్నవాడు మెడ నిక్కించి, రెప్ప వేయకుండా, శంఖం పడినచోట నీటిమీద లేచిన సుడినే చూస్తున్నాడు.

"పడేశావేటిరా! తే! మల్లీ దిగి ఆ శంకం తే!" అన్నాడు.

"ఏ శంకం బావా?" అన్నాడు పైడన్న మెల్లగా.

"అదే... ఏదో ఒకటి. ఏదైనా తేవాల గదా."

వీడు బావ కాదు, బావ రూపంలో ఉన్న ఆ మాంత్రికుడే. శాపం పెట్టినవాడు విరుగుడెందుకు చెప్పాడో పైడన్నకు అప్పుడు అర్థమైంది. ఆ శంఖం మంత్రం తెలిసినవాడి చేతిలో పడితే సముద్రపు పోటు వాడి మాట వింటుందని తాతల నాటి మాట. వాడు తలచుకుంటే కోట మునుగుతుంది, ద్వీపమూ మునుగుతుంది. కానీ గంగమ్మ మాంత్రికుల చేతికి ఏదీ ఇవ్వదు. అందుకని దాన్ని పట్టగల మునకగాణ్ణి ఒకణ్ణి చూసుకున్నాడు, వాడి ప్రాణమంతా అక్క మీదే ఉందని కనిపెట్టాడు, ఆమెను ఎరగా గుచ్చాడు. నిజం బావను ఏ గుహలో కట్టి పడేశాడో!

కలబడదామా? కలబడితే శంఖం అడుగునే ఉండిపోతుంది. ఒడ్డుకు ఈదిపోదామా? పోయి అక్కకేం చెబుతాడు? పొద్దు బారెడు కూడా లేదు. పైడన్న ఏమీ ఎరగనట్టు వల సంచి నడుముకు తగిలించుకున్నాడు.

"తాడు జాగర్త బావా" అన్నాడు.

"నా సేతిలోనే ఉంది గదా" అన్నాడు వాడు, బావ పళ్ళతోనే నవ్వుతూ.

చంపేవాడి చేతిలో తన తాడు పెట్టి పైడన్న మళ్ళీ దిగాడు.

మొసలిరాళ్ళ అడుగున గంగమ్మ తోట ఒకటుంది. మనం ఒడ్డున ఏరుకునే గవ్వలు బతికున్నప్పుడు ఎంత సొగసో అక్కడే చూడాలి. పులిచారల గవ్వ తన ఒంటి చర్మాన్నే దుప్పటిలా పెంకు మీదికి కప్పుకుని తిరుగుతుంది, అందుకే దానికా మెరుపు. రెక్కల చిప్పలు తలుపులు టపటప కొట్టుకుంటూ ఎగిరిపోతాయి. ఆలుచిప్పలు రాళ్ళను కరుచుకుని నీళ్ళు తాగుతుంటాయి. ఊదారంగు నత్తలు, పగడపు కొమ్మల మధ్య ముళ్ళగుల్లలు, ఏ రాణి మెడలోనూ లేనన్ని రంగులు. ఇవాళ అవేవీ పైడన్న కంటికి ఆనలేదు. శంఖం పడినచోట లేదు! ఇసుకలో చిన్న గుంట ఉంది, ఆ గుంట నుంచి గీతలు గీసినట్టు ఒక జాడ ఉంది, అంతే.

ముప్పై లెక్కపెట్టాడు. ఛాతీ బిగుసుకుంది. జాడ వెంట పాకాడు. రాతి సందు ముందు కనబడింది, పాలలా తెల్లగా, నోరు కుడికి తెరుచుకుని, నడుస్తూ! దాన్ని కట్టుకున్న పురుగు ఎప్పుడో చచ్చింది. ఖాళీ ఇల్లు దొరికింది కదా అని ఒక పీత అందులో కాపురం పెట్టి, వీపున మోసుకుపోతోంది. ఇంకొక్క అడుగు వేస్తే సందులోకి పోయి మాయమయ్యేదే. పైడన్న దూకి పట్టుకున్నాడు. పీత లోపలికి ముడుచుకుంది.

అరవై. కళ్ళముందు చుక్కలు. శంఖాన్ని మొలగుడ్డలో దోపుకున్నాడు. ఇప్పుడు పైకి పోతే వాడు లాక్కుంటాడు. అప్పుడే, పక్కనే, చీర అంచులాంటి బొమ్మలతో ముద్దొచ్చేలా ఒక గవ్వ పాకుతోంది. సూదిగవ్వ! మునిగేవాళ్ళు దాన్ని చూస్తే దండం పెట్టి పక్కకు తప్పుకుంటారు. సన్నకొస నుంచి కంటికి కనపడని సూది విసురుతుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. ముందు చేయి మొద్దుబారుతుంది, తర్వాత నాలుక, ఆ తర్వాత మనిషికి ఊపిరి తీసుకోవడం మరపుకొస్తుంది.

పైడన్న తలగుడ్డ విప్పి, దాంతో సూదిగవ్వను లావుకొస వైపు ఒడిసి పట్టి, వల సంచిలో వేశాడు. పక్కనే ఇసుకలో దొరికిన ఒక మామూలు శంఖం పైన పెట్టాడు. నడుముకున్న తాడు విప్పి సంచికి కట్టి, మూడుసార్లు లాగాడు. సంచి వేగంగా పైకి పోయింది. దాని వెనకే లంగరు కూడా లేచిపోవడం చూశాడు పైడన్న. శంఖం అందగానే వీణ్ణి అడుగునే వదిలి పోదామని ఉంది ఆ పాపిష్టివాడికి.

పడవకు అవతలి పక్క, చప్పుడు కాకుండా తేలాడు. ఊపిరి పీలుస్తూ తొంగి చూశాడు. శంఖాలు తీసేవాడు ఎవడూ సంచిలో చేయి పెట్టడు. చెక్కల మీద బోర్లించి, తెడ్డు కొసతో కెలికి, ఏముందో చూసుకున్నాకే ముట్టుకుంటాడు. పడవలోని వాడు మోచేతి దాకా దూర్చాడు. శంఖాన్ని పైకి లాగి, నోరు ఎటుందో చూసి, "ఇది కాదు!" అని గావుకేక పెట్టి, మళ్ళీ చేయి దూర్చి అడుగంతా తడిమాడు.

పైడన్న ఒక్క గెంతులో పడవెక్కాడు.

"నీకు సూదిగవ్వ పట్టింది. ఇంకాసేపట్లో నాలిక పడిపోతాది. మా అక్క శాపం తీసెయ్! మా బావనెక్కడ దాచేవో సెప్పు!"

వాడు వేళ్ళు ముడవబోయాడు. ముడుచుకోలేదు. అయినా బెదరలేదు సరికదా, పగలబడి నవ్వాడు.

"మూర్ఖుడా! ఇది వేషమనుకున్నావా? వేషమైతే కడిగేసుకుంటాను. ఈ తెల్లవారుజామున నీ బావ తాడు పేనుకుంటుండగా అతని కాయంలోనే ప్రవేశించాను. నా అసలు దేహం గుహలో చల్లగా నిద్రపోతోంది. ఈ చేయి నీ బావదే, ఈ నెత్తురు నీ బావదే. నువ్వు కుట్టించిన విషమూ నీ బావకే! ఇదిగో, కొంప ఖాళీ చేస్తున్నాను, నీ మనిషిని నువ్వు ఏలుకో!"

నోరు తెరుచుకుంది. అందులోంచి బొటనవేలంత నల్ల తుమ్మెద ఒకటి ఝుమ్మని లేచి, కొండవైపు దూసుకుపోయింది. పడవలో మనిషి కూలబడ్డాడు. కాసేపటికి కళ్ళు విప్పాడు. ఆ చూపు పన్నెండేళ్ళుగా తెలిసిన చూపే.

"ఒరే పైడీ... మనం పడవెప్పుడెక్కాంరా? తాడు పేనుతుంటే ఎవుడో జోగి నిప్పడిగినట్టు గుర్తు..." అన్నాడు సూరన్న. తర్వాత చేతిని చూసుకున్నాడు. "ఇదేటి, సెయ్యి నాది కానట్టుంది?"

సూరన్న సంచి వైపు చూశాడు. వలకన్నుల్లోంచి ఆ బొమ్మల గవ్వ కనబడుతూనే ఉంది. తాడు పట్టుకునే బావకు అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"దాన్ని సంచిలో ఏసినోడెవుడ్రా?"

"నేనే బావా." పైడన్న భోరుమన్నాడు. "నువ్వు కాదనుకున్నాను బావా! నేనే ఏశాను!"

"ఏడవకెహె. పని బాగానే నేర్పేన్రా నీకు" అన్నాడు సూరన్న. మాట అప్పటికే ముద్దగా వస్తోంది. "శంకం దొరికిందా?"

"దొరికింది."

"మరేటి సూత్తన్నావు? మీ అక్క... ముందు మీ అక్క..." నాలుక ఆగిపోయింది. కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. ఛాతీ ఒకసారి లేచింది, ఇంకోసారి సగం లేచింది, ఆ తర్వాత లేవలేదు.

సూదిగవ్వ పట్టినవాడి గురించి తన తండ్రి ఒకప్పుడు చెప్పిన మాట పైడన్నకు గుర్తుంది. విషం గుండెను ఆపదు, ఊపిరి ఒక్కటే ఆపుతుంది. విషం దిగేదాకా ఎవరైనా వాడి బదులు ఊపిరి పీలిస్తే మనిషి లేచి కూర్చుంటాడు. ఆనాడు ఒకణ్ణి అలాగే మర్నాటి మధ్యాహ్నం దాకా బతికించుకున్నారు. నలుగురు వంతులేసుకుని నోట్లో నోరు పెట్టి ఊదారు. ఇక్కడున్నది తనొక్కడు.

ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాడు. బావ ఛాతీ పొంగింది, దిగింది. మళ్ళీ ఊదాడు. తలెత్తి చూస్తే పొద్దు సముద్రాన్ని తాకుతోంది. తెడ్డు పట్టుకుంటే బావ పోతాడు. పట్టుకోకపోతే అక్క పోతుంది. లంగరు లేని పడవ నీళ్ళు ఎటు తోస్తే అటు తిరుగుతోంది.

ఇక్కడినుంచే ఊదాలి.

బావకొక ఊపిరి. కొస విరిగితే గానీ శంఖం మోగదు, పడవ అంచుకేసి కొట్టాడు, విరగలేదు. బావకొక ఊపిరి. కాళ్ళ దగ్గరున్న మరో మునకరాయి ఎత్తి కొట్టాడు. కొస విరిగింది, పీత బయటపడి చెక్కల మీద అడ్డంగా పరుగెత్తింది. బావకొక ఊపిరి. శంఖం పెదవులకానించి ఊదాడు. మోత రాలేదు, బుస్సుమని గాలి పోయింది. లోపలంతా ఇసుక. బావ పెదవులు నల్లబడుతున్నాయి. బావకు రెండు ఊపిర్లు. శంఖాన్ని నీళ్ళలో ముంచి, ఆడించి, దులిపాడు. ఒడ్డున మరిడమ్మ ఆకారం ఉంది గానీ, మొహం ఉండాల్సిన చోట ఎండకు తెల్లగా మెరుస్తోంది. మూత పడుతోంది! పొద్దు సగం మునిగింది.

"అమ్మా గంగమ్మా, ఇచ్చింది నీకే ఇచ్చేశాను గదే! ఒక్కసారి అరువియ్యి!"

ఛాతీ నిండా గాలి నింపుకుని, పొట్ట వెన్నుకంటేలా ఊదాడు.

మోగింది. ఏనుగు ఘీంకారంలా మొదలై, మంద్రంగా సాగి, మొసలిరాళ్ళను తాకి, అలలమీద అడుగులేసుకుంటూ ఒడ్డుకు పోయింది. నీళ్ళలో ఉన్న చేపలు ఎగిరిపడ్డాయి. పైడన్న ఊపిరంతా అయిపోయి కళ్ళు బైర్లు కమ్మేదాకా మోగింది. ఒడ్డున బట్టీలో గుల్లలు పేలినట్టు టపటప టపటపమని చప్పుడైంది. పెంకులు పెళ్ళలు పెళ్ళలుగా రాలాయి. ఆ రాలినదాంట్లోంచి ఒక ఆడమనిషి తూలుతూ లేచి, మోకాలిలోతు నీళ్ళలోకి వచ్చి నిలబడింది.

బతికింది! అక్క బతికింది! కానీ సంతోషించడానికి పైడన్నకు తీరిక లేదు. శంఖం పక్కన పడేసి, బావ ముక్కు మూసి, వంగి ఊదాడు.

"ఒరే పైడీ!" అని కేకేసింది మరిడమ్మ. ఇరవై రోజుల తర్వాత గుండెనిండా గాలి పీల్చుకుని వేసిన కేక. "మోగించేవురా తమ్ముడూ! ఒరే, మీ బావేడిరా? పడవలో కనపడ్నేదేటిరా?"

పైడన్న తలెత్తబోయాడు. బావ ఛాతీ అప్పుడే దిగుతోంది. జవాబు చెప్పాలంటే ఒక ఊపిరి ఖర్చవుతుంది. వంగి మళ్ళీ ఊదాడు.

పోటు నిండింది. ఆటు మొదలైంది. పడవ మెల్లగా మొసలిరాళ్ళు దాటి, ఒడ్డుకు వీపు తిప్పి, లోపలి సముద్రంలోకి సాగింది.

"పైడీ! మీ బావేడిరా? సెప్పవేటిరా?"

రెండో కేక మొదటిదానికంటే చిన్నగా వినబడింది. పైడన్న కన్నీళ్ళు బావ చెంపల మీద పడుతున్నాయి. సూరన్న కళ్ళు ఒడ్డువైపే ఉన్నాయి, భార్య గొంతు వింటున్నాయి. పైడన్న ఊదాడు. లెక్కపెట్టాడు. మళ్ళీ ఊదాడు.